గిటారుకు రక్షణ పలక

ఎండలకు పేరుబడిన రాయలసీమలో చెక్క స్వభావం తెలియని ఇల్లు లేదు. కడప జిల్లాలో పాపాఘ్ని నదీతీరాన ఉన్న వేంపల్లెనే తీసుకుందాం. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో నదిలో ఇసుకే తప్ప నీరు కనిపించడం అరుదు. ఇళ్లలో తలుపు చెక్కల నడుమ సన్నని సందులు పడతాయి. అక్టోబరు, నవంబరు వానలకు అవే తలుపులు ఉబ్బి ద్వారబంధంలో బిగుసుకుంటాయి. ఎడ్లబండ్లు విరివిగా తిరిగిన కాలంలో, వేసవిలో చక్రం ఎండి ఇనుప పట్టా వదులైతే, రైతు ఆ చక్రాన్ని నీటిలో నానబెట్టేవాడు. తేమ పీల్చుకొని చెక్క ఉబ్బగానే పట్టా మళ్ళీ బిగిసేది. చెట్టు నుండి వేరుపడి ఏళ్లు గడిచినా చెక్క గాలిలోని తేమను పీలుస్తూ, విడుస్తూ ఉంటుందన్న సత్యాన్ని ఆ రైతు అనుభవం వల్ల గ్రహించాడు.

ఈ సత్యం గిటారుకు కూడా వర్తిస్తుంది. విద్యుత్తు సహాయం లేకుండా చెక్కపెట్టె నుండే నాదాన్ని వెలువరించే గిటారును అకూస్టిక్ గిటారు అంటారు. దాని ముందు పలక మందం దాదాపు 3 మిల్లీమీటర్లు మాత్రమే. సాధారణంగా స్ప్రూస్ అనే శీతల ప్రదేశపు చెట్టు కలపతో దీనిని చేస్తారు. ఉక్కు తీగలు బిగించిన గిటారులో ఆ తీగలన్నీ కలిసి సుమారు 70 కిలోల బరువుకు సమానమైన శక్తితో ఈ పలకను లాగుతూ ఉంటాయి. పలక మందంగా ఉంటే ఆ లాగుడును సులభంగా తట్టుకుంటుంది; కాని నాదం మూగవోతుంది. పలుచగా ఉంటే నాదం ఇంపుగా పలుకుతుంది. కాని పలక దుర్బలమవుతుంది. అందువల్ల గిటారు ముందు పలకను కాపాడుకోవడం దాని స్వరాన్ని కాపాడుకోవడమే.

దెబ్బ తగిలే చోటు

తీగను మీటే ప్రతి వాద్యంలోనూ దెబ్బ తగిలే చోటు ఒకటి ఉంటుంది. మన వీణలో తీగలు పలకకు ఎత్తుగా ఉంటాయి. వాదకుని గోరు సున్నితంగా తీగను మీటుతుందే గాని పలకను రాయదు. గిటారు వాదనం అటువంటిది కాదు. పాటకు లయ కూర్చేటప్పుడు వాదకుడు పిక్ అనే చిన్న బిళ్లతో ఆరు తీగలనూ ఒక్క ఊపున పైనుండి కిందికి, కిందినుండి పైకి మీటుతాడు. ప్రతి ఊపు చివర పిక్ గాని, వేలిగోరు గాని పలకను తాకుతుంది. ఒక పాటలో వందలసార్లు తగిలే ఈ రాపిడికి మొదట మెరుగు పూత అరుగుతుంది. ఆ తరువాత చెక్క అరుగుతుంది.

ఇది కేవలం ఊహ కాదు. అమెరికా దేశపు ప్రసిద్ధ గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో ఒక మార్టిన్ గిటారును సంపాదించాడు. దానికి ‘ట్రిగ్గర్’ అని పేరు పెట్టుకున్నాడు. అది నైలాన్ తీగలతో, వేళ్లతో వాయించడానికి ఉద్దేశించిన గిటారు. అందువల్ల దానికి రక్షణ పలక లేదు. ఆయన దానిని దశాబ్దాల పాటు పిక్‌తో వాయించాడు. ఫలితంగా నాదరంధ్రం పక్కన పలక పూర్తిగా అరిగి, మరొక పెద్ద రంధ్రం ఏర్పడింది. ఆ గిటారును నిలబెట్టడానికి నిపుణులు ఎన్నోసార్లు మరమ్మతులు చేయవలసి వచ్చింది.

ఈ అరుగుదలను నివారించడానికి నాదరంధ్రం పక్కన, పిక్ తగిలే చోట అతికించే పలుచని పలకను పిక్‌గార్డు అంటారు. ఇటువంటి ఏర్పాటు గిటారుకు మాత్రమే ప్రత్యేకం కాదు. జపాను దేశంలో షమిసెన్ అనే మూడు తీగల వాద్యం ఉంది. దాని ముఖం చెక్క కాదు, చర్మం. ‘బాచి’ అనే వెడల్పాటి సాధనంతో తీగలను మీటేటప్పుడు అది చర్మానికి బలంగా తగులుతుంది. ఆ దెబ్బను కాచుకోవడానికి ముఖం మీద ఒక చిన్న చర్మపు ముక్కను అదనంగా అతికిస్తారు. దానిని ‘బాచిగవ’ అంటారు. గిటారుకు పిక్‌గార్డు చేసే మేలే షమిసెన్‌కు ఆ చర్మపు ముక్క చేస్తుంది.

షమిసెన్‌కు మన సీమతో ఒక సంబంధం ఉంది. మేలురకం షమిసెన్ మెడను ఎర్రచందనం కలపతో చేస్తారు. ఆ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో, అంటే వేంపల్లెకు సమీపాన ఉన్న పాలకొండలు, శేషాచలం, లంకమల వంటి కొండలలో మాత్రమే. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే ఒప్పందం పరిధిలోకి 1995లో ఎర్రచందనం చేరింది. పెరగడానికి దశాబ్దాలు పట్టే చెట్టు నుండి పుట్టిన వాద్యాన్ని జాగ్రత్తగా వాడుకోవడం వాదకుని ధర్మం. స్ప్రూస్ పలకతో చేసిన గిటారుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది.

లాకరు స్వభావం

రక్షణ పలకను అతికించేది నేరుగా చెక్క మీద కాదు, చెక్కపై ఉన్న మెరుగు పూత మీద. కాబట్టి ఆ పూత స్వభావం తెలుసుకోవడం అవసరం. కొన్ని చెట్ల కొమ్మలపై లక్కపురుగులు స్రవించే పదార్థమే లక్క. దీనిని సంస్కృతంలో లాక్ష అంటారు. ఆంగ్లంలోని ‘లాకరు’ అనే మాట కూడా ఈ లాక్ష నుండే పలు భాషల మీదుగా ప్రయాణించి ఏర్పడింది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మలకు ఆ నిగనిగలాడే రంగునిచ్చేది లక్కే. తరిణిపై తిరుగుతున్న అంకుడు చెక్కకు రంగు కలిపిన లక్కను తాకిస్తే, రాపిడి వేడికి అది కరిగి చెక్కకు పట్టుకుంటుంది. శుద్ధి చేసిన లక్కను స్పిరిట్‌లో కరిగించి వడ్రంగులు బీరువాలకు, కుర్చీలకు మెరుగు పెట్టడం మనం ఎరిగినదే.

అయితే నేటి గిటార్లపై లాకరు అని వ్యవహరించే పూత సాధారణంగా లక్కతో చేసినది కాదు. పత్తి వంటి వాటిలోని సెల్యులోజ్‌ను నత్రికామ్లంతో మార్పు చెందించి తయారుచేసే నైట్రోసెల్యులోజ్ దానికి మూలం. 1920ల దశకంలో మోటారు వాహనాలకు రంగు వేయడానికి ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చి, అక్కడినుండి వాద్యాల తయారీలోకి ప్రవేశించింది. ఈ పూతను ద్రావణిలో కరిగించి పిచికారి చేస్తారు. ద్రావణి ఆవిరైపోగా పలుచని పొర మిగులుతుంది. చాలా గిటార్లపై వేసే పాలియురేథేన్ పూత రసాయనిక చర్య వల్ల శాశ్వతంగా గట్టిపడుతుంది. లాకరు అలా గట్టిపడదు. తగిన ద్రావణి తగిలితే ఎన్నేళ్లయినా మళ్ళీ కరుగుతుంది.

ఈ స్వభావం వల్ల ఒక మేలు, మూడు చిక్కులు ఉన్నాయి. పాత పూత మీద కొత్త పూత కరిగి కలిసిపోతుంది కనుక మరమ్మతు సులభం, ఇది మేలు. ఇక చిక్కుల సంగతి. మొదటిది, కొత్తగా పూసిన లాకరులోని ద్రావణి పూర్తిగా వెలికిపోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా పలక అతికిస్తే ద్రావణి దాని కింద చిక్కుకొని పూత మెత్తబడుతుంది. రెండవది, థిన్నర్, ఎసిటోన్, స్పిరిట్ వంటివి తగిలితే పూత చెడిపోతుంది. మూడవది, మెత్తని వినైల్, రబ్బరు వంటి పదార్థాలలో మెత్తదనం కోసం కలిపే రసాయనాలు క్రమంగా లాకరులోకి దిగి, దానిని జిగటగా మారుస్తాయి. గిటారును నిలబెట్టే స్టాండు రబ్బరు తొడుగు కూడా లాకరు మీద మచ్చ మిగల్చడం వాదకులకు తెలిసిన విషయమే.

రక్షణే హాని అయినప్పుడు

1833లో స్థాపితమైన అమెరికా సంస్థ మార్టిన్ ప్రపంచంలోని ప్రసిద్ధ గిటారు తయారీ సంస్థలలో ఒకటి. ఆ సంస్థ 1930ల దశకం నుండి తన గిటార్లకు పిక్‌గార్డులను విరివిగా అమర్చింది. దీర్ఘకాలం పాటు ఆ పిక్‌గార్డులను పూత వేయకముందే నేరుగా పచ్చి చెక్క మీద గట్టిగా అతికించి, ఆపైన లాకరు పిచికారి చేసేవారు. పాత పిక్‌గార్డులు సెల్యులాయిడ్‌తో చేసినవి. నైట్రోసెల్యులోజ్‌కు కర్పూరం కలిపితే సెల్యులాయిడ్ అవుతుంది. అంటే లాకరూ, సెల్యులాయిడూ ఒకే మూలం నుండి పుట్టినవే.

కర్పూరం క్రమంగా హరించిపోవడం మనకు తెలుసు. సెల్యులాయిడ్‌లోని కర్పూరం కూడా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తరలిపోతుంది. దానితో పిక్‌గార్డు కుంచించుకుపోతుంది. కింద చెక్కకు గట్టిగా అతుక్కొని ఉన్నందున కుంచించుకుపోతూ చెక్కను కూడా తనతో లాగుతుంది. చెక్క నార వెంబడి బలంగా ఉంటుంది; నారకు అడ్డంగా లాగితే సులువుగా చీలుతుంది. ఆ విధంగా పిక్‌గార్డు అంచు పక్కన, నాదరంధ్రం నుండి బ్రిడ్జి వైపు సన్నని పగులు ఏర్పడుతుంది. ఆ కాలపు మార్టిన్ గిటార్లలో ఈ పగులు ఎంత తరచుగా కనిపిస్తుందంటే, మరమ్మతు నిపుణులు దానిని ‘పిక్‌గార్డు పగులు’ అనే పేరుతోనే పిలుస్తారు. 1980ల దశకం మధ్యలో ఆ సంస్థ తన పద్ధతిని మార్చుకుంది. ముందుగా పలకంతటికీ లాకరు పూసి, అది ఆరిన తరువాత జిగురు పొర గల పిక్‌గార్డును దానిపై అతికించడం మొదలుపెట్టింది.

రక్షణ లేని ట్రిగ్గర్‌కు రంధ్రం పడింది. గట్టిగా అతికించిన రక్షణ వల్ల పాత మార్టిన్ పలకలు పగిలాయి. ఈ రెండు ఉదాహరణలను పక్కపక్కన ఉంచి చూస్తే రక్షణ పలక ఎంత అవసరమో, దానిని అతికించే తీరు కూడా అంతే ముఖ్యమని అర్థమవుతుంది.

మెత్తని జిగురులోని మర్మం

నేటి పిక్‌గార్డుల వెనుక ఉండేది ఆక్రిలిక్ జాతికి చెందిన, ఒత్తిడితో అంటుకునే జిగురు. ఇది ఫెవికాల్ వలె ఆరి గట్టిపడదు. ఎప్పటికీ కొంత మెత్తగానే ఉంటుంది. ఈ మెత్తదనమే దాని గుణం. వేసవిలో చెక్క ముడుచుకున్నా, వానాకాలంలో ఉబ్బినా, పైనున్న ప్లాస్టిక్ పలక ఆ మేరకు మారదు. రెండింటి నడుమ ఏర్పడే ఈ తేడాను జిగురు పొర తనలో ఇముడ్చుకుంటుంది. చెక్క కదలడానికి అది కొద్దిపాటి చోటు ఇస్తుంది.

ఈ సూత్రం మన వీణ చేసేవారికి ఏనాడో తెలుసు. వీణ దండిపై మెట్లను మేకులతో గాని, గట్టి జిగురుతో గాని బిగించరు. మైనం దట్టించి, దానిలో మెట్లను కూరుస్తారు. ఏళ్లు గడిచి మైనం ఎండి, శ్రుతి తప్పినప్పుడు ఆ మెట్లను ఊడదీసి మళ్ళీ మేళం కడతారు. వీణను పాడుచేయకుండా మరమ్మతు చేసే వీలును ఆ నిర్మాణంలోనే కల్పించారు.

అతికించే విధానం

లాకరు పూసిన గిటారుకు పిక్‌గార్డు అతికించేటప్పుడు ఈ క్రమాన్ని పాటించాలి.

మొదట పూత ఆరిందో లేదో చూసుకోవాలి. కొత్తగా లాకరు వేయించిన గిటారు అయితే కనీసం ఒక నెల ఆగడం మంచిది. పిక్‌గార్డు కొనేటప్పుడు అది లాకరుకు హాని చేయని రకమా అని అడిగి తెలుసుకోవాలి. మందం 1 మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటే చాలు. మరీ మందమైన, మరీ పెద్దదైన పలక నాదాన్ని అణచివేస్తుంది.

తరువాత తీగలను వదులు చేయాలి, లేదా తీసివేయాలి. పలకను మెత్తని నూలుగుడ్డతో తుడవాలి. చెమట మరకలుంటే గుడ్డను నీటితో కొద్దిగా తడిపి, గట్టిగా పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి. జిడ్డు వదలకపోతే సిగరెట్ లైటర్లలో పోసే నాఫ్తా జాతి ద్రవాన్ని గుడ్డకు ఒకటి రెండు చుక్కలు అద్ది వాడవచ్చు. అది త్వరగా అంటుకునే ద్రవం కనుక నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట ఈ పని చేయాలి. థిన్నర్, స్పిరిట్ ఎంతమాత్రం వాడరాదు. సిలికోన్ కలిసిన పాలిష్ పూసి ఉంటే జిగురు పట్టదు.

మూడవ దశలో స్థానాన్ని నిర్ణయించుకోవాలి. జిగురు కాగితం తీయకుండానే పిక్‌గార్డును పలకపై ఉంచి చూడాలి. కుడిచేతి వాటం వారికి సన్నని తీగల వైపు, నాదరంధ్రానికి కిందుగా వచ్చేటట్లు అమర్చాలి. ఎడమచేతి గిటారుకు ఇది తారుమారవుతుంది. పలక బ్రిడ్జికి తగలకూడదు. రంధ్రం చుట్టూ ఉన్న అలంకార వలయానికీ పలక అంచుకూ మధ్య సమానమైన సందు ఉంటే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. స్థానం కుదిరిన తరువాత అంచుల వెంబడి రెండు మూడు చోట్ల కాగితపు టేపు ముక్కలు గుర్తుగా అంటించాలి. టేపును నేరుగా లాకరు మీద వేస్తే తీసేటప్పుడు పాత పూత పెచ్చులుగా లేచే ప్రమాదం ఉంది. కనుక ముందుగా ఆ టేపును గుడ్డకు రెండు మూడుసార్లు అంటించి, దాని పట్టు తగ్గించాలి.

నాలుగవది అసలు పని. వెనుకనున్న కాగితాన్ని ఒక్కసారిగా లాగివేయరాదు. ఒక అంచున రెండు మూడు సెంటీమీటర్ల మేర మాత్రమే ఒలిచి, మడిచి, ఆ అంచును గుర్తులకు సరిపోయేటట్లు ఆనించి నొక్కాలి. ఆపైన ఒక చేత్తో కాగితాన్ని మెల్లగా లాగుతూ, మరొక చేతి బొటనవేలితో గుడ్డ మీదుగా పలకను ఒత్తుతూ ముందుకు సాగాలి. నడుమ నుండి అంచుల వైపు ఒత్తితే గాలి బుడగలు నిలవవు. గోడపై ప్రకటన కాగితం అంటించేవారి నేర్పు దీనికి సరిపోలుతుంది. తొందరపడి చేసిన పనిని సరిదిద్దుకోవడం కష్టం. జిగురు ఒకసారి లాకరును పట్టుకున్నాక పలకను పక్కకు జరపడం సాధ్యం కాదు.

చివరగా, అతికించిన వెంటనే గిటారును వాయించకూడదు. జిగురు పూర్తి పట్టు సాధించడానికి సుమారు మూడు రోజులు పడుతుంది. అప్పటివరకు అంచులను తడమడం, గోటితో గీకి చూడడం మానుకోవాలి.

ఋతువును గమనించాలి

రాయలసీమ వంటి పొడి ప్రాంతంలో ఈ పని చేయడానికి సమయం ఎంచుకోవడం కూడా ముఖ్యమే. ఇటువంటి జిగురుకు 20 నుండి 35 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలం. మే నెల మధ్యాహ్నం వేడి గదిలో లాకరు, జిగురు రెండూ మెత్తబడి ఉంటాయి. చెక్క కూడా బాగా ఎండి, ముడుచుకొని ఉంటుంది. వేసవిలో తప్పనిసరి అయితే తెల్లవారుజామున చేయాలి. వీలైతే వానలు వెనుకబట్టి, ఎండ తగ్గిన డిసెంబరు, జనవరి మాసాల వరకు ఆగడం మేలు.

అతికించిన తరువాత కూడా జాగ్రత్త అవసరం. గిటారుకు అనువైన గాలి తేమ దాదాపు 45 నుండి 55 శాతం. వేంపల్లె వేసవిలో మధ్యాహ్నపు గాలిలో తేమ అంతకంటె బాగా తగ్గిపోతుంది. అందువల్ల గిటారును గోడకు తగిలించి ఉంచడం కంటె పెట్టెలో భద్రపరచడం మంచిది. సబ్బు పెట్టుకొనే చిల్లుల డబ్బాలో తడిపి పిండిన స్పంజి ముక్కను ఉంచి, ఆ డబ్బాను చెక్కకు తగలకుండా గిటారు పెట్టెలో ఒక మూల ఉంచితే కొంత తేమ నిలుస్తుంది. ఎండలో నిలిపిన కారులో, బస్సు పైకప్పు మీద గిటారును వదిలివేయరాదు. బండి చక్రాన్ని నానబెట్టిన రైతు ఏ కారణం చేత ఆ పని చేశాడో, ఆ కారణం చేతనే గిటారుకు ఈ ఉపచారం అవసరం.

తొలగించవలసి వస్తే

కొన్ని సంవత్సరాల తరువాత పిక్‌గార్డు అంచులు లేచినా, రంగు వెలసినా దానిని తీయవలసి రావచ్చు. జుట్టు ఆరబెట్టే యంత్రంతో దూరం నుండి కొద్దిగా వేడి తగిలిస్తే జిగురు మెత్తబడుతుంది. వేడి ఎక్కువైతే లాకరు కూడా మెత్తబడుతుంది కనుక చెయ్యి పెట్టి చూసుకుంటూ ఉండాలి. ఒక మూల లేవగానే పలక కిందుగా గట్టి దారాన్ని పోనిచ్చి, రంపం ఆడించినట్లు మెల్లగా ముందుకు లాగాలి. చాకు, ఇనుప ఉలి వంటివి వాడరాదు. మిగిలిన జిగురును నాఫ్తాతో తుడిచివేయవచ్చు. పలక కింద ఉన్న చోటు మిగిలిన చెక్క కంటె లేతరంగులో కనిపిస్తే దిగులు పడనవసరం లేదు. వెలుతురు తగలక ఆ తేడా వచ్చింది.

అయితే పిక్‌గార్డు లాకరు పైన కాక, నేరుగా చెక్కకే అతికి ఉన్న పాత గిటారు విషయంలో ఈ పనికి పూనుకోరాదు. పలకతో పాటు చెక్క నారలు కూడా ఊడివస్తాయి. అటువంటి గిటారును అనుభవజ్ఞుడైన మరమ్మతు నిపుణుని చేతికి అప్పగించడమే వివేకం.

వాద్యానికి ఒక చిన్న పలకను అతికించడం చూడటానికి స్వల్పమైన పనే. కాని ఆ పనిలో చెక్క తత్త్వం, లాకరు రసాయనం, ఋతువుల ప్రభావం అన్నీ కలిసి ఉన్నాయి. గట్టిగా పట్టి ఉంచడం ఒక్కటే చాలదనీ, అవసరమైనప్పుడు హాని లేకుండా విడిపోయే వీలు కూడా ఉండాలనీ వీణ మెట్ల మైనం, నేటి పిక్‌గార్డు జిగురు తెలియజేస్తున్నాయి. మంచి గిటారు ఒక వ్యక్తి జీవితకాలం కంటె ఎక్కువ కాలం మన్నగలదు. ఈనాడు పలక అతికించే విద్యార్థి, మునుముందు ఆ గిటారును అందుకొని పలకను మార్చబోయే మరొక వాదకుణ్ణి కూడా దృష్టిలో ఉంచుకొని ఆ పని చేయాలి.